కారణం రాసే గడి

ఆ ఎండాకాలం మా ఇంట్లో టీ గ్లాసులో కాకుండా గ్లాసు పక్కన పడడం మొదలుపెట్టింది. మొదటిసారి పడ్డప్పుడు మా ఆయన బల్లని తిట్టాడు. రెండోసారి ఫ్లాస్కుని తిట్టాడు. మూడోసారి ఎవర్నీ తిట్టలేదు, గుడ్డ తెచ్చి తనే తుడిచాడు. అప్పుడు వేసింది నాకు భయం. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన బల్ల తుడవగా చూడడం అదే మొదలు.

మా ఆయన సినిమాల్లో ఫోకస్ పుల్లర్. ఆ మాటకి అర్థం చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. కెమెరా పక్కన నిలబడి, లెన్సు చుట్టూ ఉండే రింగుని తిప్పుతుంటాడు. నటుడు అడుగు ముందుకు వేస్తే ఇంత, వెనక్కి వేస్తే అంత. వెంట్రుకవాసి తప్పితే మొహం మసకబారుతుంది, వెనకాల గోడ మాత్రం సున్నం పెచ్చులతో సహా కనిపిస్తుంది. షాటుకి ముందు టేపు పట్టుకుని లెన్సు నుంచి నటుడి కంటిదాకా కొలుస్తాడు గానీ, మనిషి కదలడం మొదలుపెట్టాక టేపు ఎందుకూ కొరగాదు, కంటితోనే కొలవాలి. అందులో ఆయన్ని మించినవాడు లేడని యూనిట్లన్నీ ఒప్పుకున్నాయి. అందరూ టేపు మాస్టారు అనే పిలిచేవారు.

ఇంట్లోనూ అదే పిచ్చి. గుమ్మంలో ఎవరైనా నిలబడితే ముందు "తొమ్మిదడుగుల నాలుగంగుళాలు" అని, ఆ తర్వాత "రండి, కూర్చోండి" అనేవాడు. కాపురానికొచ్చిన కొత్తలో నేను పంతం కొద్దీ టేపు లాగి కొలిచేదాన్ని. అంగుళం తేడా వచ్చేది కాదు. కొన్నాళ్లకి ఓడిపోయి కొలవడం మానేశాను.

అత్తయ్యకి మాత్రం కొడుకు పనేమిటో ఎన్నటికీ అంతుపట్టలేదు. ఆవిడకి రెండు కళ్లలోనూ శుక్లాలు, ఆపరేషనంటే భయం. టీవీకి జానెడు దూరంలో కూర్చుని, వాడు సినిమాలో ఏం చేస్తాడే అని అడిగేది. బొమ్మ మసకగా లేకుండా చూస్తారత్తయ్యా అని నేను చెబితే, "నాకెప్పుడూ మసకగానే ఉంటుంది. మరి వాడు చూస్తున్నదేమిటీ, గాడిద గుడ్డు" అనేది. ఆ మాటకి మా ఆయన పడీ పడీ నవ్వేవాడు. ఆ ఎండాకాలం నవ్వడం మానేశాడు.

నాది కంటిన్యుటీ పని. సినిమాని ఎవరూ వరసగా తీయరు. గుమ్మం బయట షాటు ఇవాళ తీస్తే, గుమ్మం లోపలి షాటు నెల తర్వాత తీస్తారు. ఇవాళ కుడిచేతిలో ఉన్న సంచి నెల తర్వాతా కుడిచేతిలోనే ఉండాలి, పై గుండీ విప్పి ఉంటే విప్పే ఉండాలి. అవన్నీ కళ్లలో వత్తులు వేసుకుని చూసి రాయాలి. స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని, నటుడు పలికే ప్రతి మాటా పేజీతో సరిచూసుకునేదీ నేనే. ఒక్కో టేకుకి షీటులో ఒక్కో వరస. వరస చివర రెండు గళ్లు. ఒకదాంట్లో ఓకే అనో, ఎన్.జి. అనో రాస్తాను. ఎన్.జి. అంటే పనికిరాదని. రెండోది కారణం రాసే గడి. ఎన్.జి. అని రాశాక దాన్ని ఖాళీగా వదలకూడదు. ఫోకస్, లైటు, సౌండ్, డైలాగ్, ఏదో ఒకటి రాసి తీరాలి. పద్దెనిమిదేళ్లలో నా షీటులో తప్పు దొరికిందని అన్నవాళ్లు లేరు. లైట్‌మన్‌లు ఏదైనా పందెం కాసుకుంటే, పద షీటక్కని అడుగుదాం అని నా దగ్గరికే వచ్చేవారు.

మేమిద్దరం ఒకే యూనిట్లో పడడం అరుదు. ఆ ఎండాకాలం పడ్డాం. కథంతా ఒకే ఇంట్లో జరుగుతుంది. ఒక తండ్రి, ఆయన పిల్లలు, అమ్మేయబోతున్న ఇల్లు. ఊరి చివర ఖాళీగా ఉన్న పాత బంగళా అద్దెకి తీసుకున్నారు. తెర మీద కనిపించేది ఐదుగురు, వాళ్లని కనిపించేలా చేయడానికి లోపల ఎనభైమందిమి. కొత్తగా వేసిన రంగుని టీ నీళ్లతో తుడిచి గోడకి ముసలితనం తెచ్చే పెయింటరు, కొత్త చొక్కా కాలరుని గరుకు కాగితంతో రుద్ది పదేళ్ల పాతది చేసే కాస్ట్యూమరు, ట్రాలీ తోసేటప్పుడు చప్పుడు కాకూడదని చెప్పులు విప్పి కాలిన గచ్చు మీద నడిచే తోపుడాయన, దూలాల మీద కోతుల్లా వేలాడుతూ లైట్లు తిప్పేవాళ్లు. సినిమా అయ్యాక మా పేర్లు తెర మీద పైకి పోతుంటే జనం కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ఆ సంగతి మాకు తెలుసు, ఎవరం పట్టించుకోం.

ఎండ లోపలికి రాకుండా కిటికీలకి నల్లగుడ్డలు కొట్టారు. ఎండ రాలేదు గానీ లైట్ల వేడి బయటికి పోయే దారీ లేకపోయింది. పైగా ఫ్యాను తిరిగితే కర్టెను కదులుతుంది, షాటుకీ షాటుకీ పొంతన ఉండదు. కాబట్టి ఫ్యాన్లు ఆపించేదాన్నీ నేనే, తిట్లు తినేదాన్నీ నేనే. సాయంత్రానికి ఎవరి మొహంలోనూ కత్తివాటుకి నెత్తురుచుక్క ఉండేది కాదు.

మొదటి షెడ్యూల్లో నాలుగో రోజు. షాటు తేలికే. తండ్రి మెట్లు దిగి, హాలు దాటి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మూడు మాటలు చెబుతాడు. ఆ పాత్ర వేస్తున్న నటుడికి డెబ్బై దాటాయి. నలభై ఏళ్లుగా తండ్రి వేషాలు, తాత వేషాలు వేస్తున్న మనిషి. సెట్లో కూడా పెద్దాయనే అనేవాళ్లం. రెండో మాటకీ మూడో మాటకీ మధ్య ఆయన చాలాసేపు ఆగేవాడు. అది ఆయన ధోరణి. ఆ ఆగడంలోనే సగం నటన ఉండేది.

నేను కెమెరా కింద చిన్న పీట మీద కూర్చుంటాను. అక్కణ్ణుంచి నటుడూ కనిపిస్తాడు, మా ఆయన చెయ్యీ కనిపిస్తుంది. మొదటి టేకులో పెద్దాయన కుర్చీలో కూర్చున్నాక కూడా ఆ చెయ్యి ఇంకా తిరుగుతూనే ఉంది. కెమెరామన్ వ్యూఫైండర్ నుంచి కన్ను తీసి, ఇంకొకటి తీద్దామండీ అన్నాడు డైరెక్టరుతో. ఎందుకో చెప్పలేదు. కెమెరామనూ, మా ఆయనా ఒకప్పుడు కెమెరా పెట్టెలు మోస్తూ కలిసి పనిలో చేరినవాళ్లు. ఫోకస్ పోతే పదిమందిలో ఆ మాట అనకుండా, ఇంకొకటి తీద్దాం అని ఊరుకోవడం వాళ్ల మధ్య మర్యాద. ఏడాదికోసారి అవసరమైతే ఆ మర్యాద ఎవరికీ బరువు కాదు. ఆ రోజు ఐదు టేకులు తీశారు.

కారణం రాసే గడిలో "ఫో" అని రాసి ఆగిపోయాను. తలెత్తి చూస్తే మా ఆయన టేపు చుట్టుకుంటున్నాడు. చుట్టడం అయిపోయినా ఇంకా చుడుతున్నాడు. నేను ఆ అక్షరం కొట్టేసి "డైలాగ్" అని రాశాను. నాలుగు వరసల్లోనూ అదే. ఆగడమూ మరిచిపోవడమూ కాగితం మీద ఒకేలా ఉంటాయి. మాట పోయిందని నేనంటే పోయినట్టే, ఎందుకంటే పేజీ చూసేది నేనొక్కదాన్నే.

అప్పట్లో తీసింది తీసినట్టు చూసుకునే వీలు లేదు. ఫిలిం ల్యాబ్‌కి పోవాలి. అందులోనూ ఓకే అన్న టేకులే ప్రింటు వేస్తారు, ఎన్.జి.లు డబ్బాల్లోనే ఉండిపోతాయి. వాటిలో ఏముందో చెప్పేవి రెండే కాగితాలు. ఒకటి నా షీటు. అది డైరెక్టరు దగ్గరికీ, అందరి దగ్గరికీ వెళుతుంది. రెండోది కెమెరా రిపోర్టు. మా ఆయన దాన్ని ఎవరికీ అప్పజెప్పకుండా స్వయంగా రాసి ఫిలిం డబ్బాకి అంటించేవాడు. కార్బన్ కాపీ ఎడిటింగ్ రూములో ఫైల్లో పడి ఉంటుంది. ల్యాబ్ వాళ్లు తప్ప దాన్ని చదివేవాళ్లు లేరని అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

షూటింగ్ లేని రోజు చూసి కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఎడమ కంటి నరం దెబ్బతిందన్నాడు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు వేసుకోండి అన్నాడు. ఒంటికన్నుతో చదువుకోవచ్చు, తిరగొచ్చు, అన్నీ చేసుకోవచ్చు, కాకపోతే ఏది దగ్గరో ఏది దూరమో తెలియడం కష్టమవుతుందని, అదేదో చిన్న సంగతైనట్టు చెప్పాడు. మా ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఎన్నడుగుల దాకా తెలుస్తుందండీ?"

డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.  బస్సులో వచ్చేటప్పుడు ఎవరికీ చెప్పకని ఆయన అనలేదు. చెప్పమనీ అనలేదు. చెప్పొద్దన్నట్టే నేను తీసుకున్నాను.

ఇంటికి రాగానే ఆయన కుర్చీలో కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మం వైపు చూశాడు.

"పదకొండడుగులు. కొలువు" అన్నాడు.

ఎన్నో ఏళ్ల తర్వాత టేపు తీశాను. ఆయన కుర్చీ నుంచి గుమ్మం దాకా లాగాను. తొమ్మిదిన్నర.

"సరిగ్గా పదకొండే" అన్నాను.

ఆయన తల ఊపి చెప్పులు విప్పుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

ఒక అబద్ధానికి చెయ్యి అలవాటు పడడానికి ఎన్నాళ్లో పట్టదని ఆ నెలలో తెలిసింది. పెద్దాయన నడిచే షాటు ఉన్నప్పుడల్లా ఇంకొకటి తీద్దామండీ అని వినిపించేది, నా చెయ్యి దానంతటదే డైలాగ్ అని రాసేసేది. కూర్చుని మాట్లాడే షాట్లు బాగానే వచ్చేవి, వాటికి టేపు చాలు. పొద్దున్నే ఆరింటికి బంగళాలో ఉండాలి కాబట్టి నాలుగున్నరకి లేచేదాన్ని, సాయంత్రం కాళ్లు పీక్కుపోతూ వచ్చి వంట చేసేదాన్ని, ఆయన కంట్లో చుక్కలు వేసేదాన్ని. టీ పోసే పని ఆయనకి తెలియకుండా నేను పుచ్చుకున్నాను. ఇన్ని పనుల మధ్య అబద్ధం కూడా ఒక పనైపోయింది, అంతే. ఇలా చెబితే నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు ఉంటుంది. ఉండనీ, అప్పుడు నాకున్న ఓపిక అంతే.

ఫిలిం ఎక్కువ తింటోందని ప్రొడక్షన్ మేనేజరు గోల పెట్టాడు. ఎందుకో తేల్చమని డైరెక్టరు తన కో-డైరెక్టరుకి చెప్పాడు. ఆయన నా షీట్లన్నీ ముందేసుకుని లెక్క తీశాడు. ఒక్క పెద్దాయన వల్లే ముప్పై ఒక్క టేకులు పోయాయని తేలింది. మర్నాటికల్లా ఆ సంగతి బంగళా అంతా పాకింది. కెమెరామన్‌కి అసలు సంగతి తెలుసు, పాత స్నేహితుణ్ణి బయటపెట్టలేక ఊరుకున్నాడు. పెద్దకొడుకు వేషగాడికి మేకప్ వేస్తూ మేకప్‌మన్, పాపం పెద్దాయనకి మతిమరుపు మొదలైందటగా అని నన్నే అడిగాడు. నేను పెన్సిలు చెక్కుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం భోజనాల వేళ పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. నేను వెనక వసారాలో షీట్లు సర్దుకుంటున్నాను. వేషంలోనే ఉన్నాడు. ఎదురుగా మెట్టు మీద కూర్చుని, రెండు అరచేతులూ తెరిచి నాకు చూపించాడు. డైలాగులు. బాల్‌పెన్నుతో, చీమ తలకాయలంత అక్షరాలతో.

"చెమటకి చెరిగిపోతున్నాయి అమ్మాయ్" అన్నాడు. "నువ్వు నాకు కూతురులాంటిదానివి. దాచకుండా చెప్పు. నేనెక్కడ తప్పుతున్నాను?"

మీరు బాగానే చెబుతున్నారండీ అన్నాను.

"నీ షీటులో అలా లేదటగా."

 ఆయన చేతులు మూసుకున్నాడు.

"నాకైతే అన్నీ చెప్పినట్టే ఉంటోంది. అదే నా భయం. మరిచిపోయానన్న సంగతి కూడా మరిచిపోతున్నానన్నమాట. మా అన్నయ్యకి ఇలాగే మొదలైంది. చివరికి నన్ను చూసి, తమరెవరండీ అన్నాడు."

తర్వాత చొక్కా జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి విప్పాడు. ఆయన ఇంటి చిరునామా, కోడలి ఫోన్ నంబరు. నడుచుకుంటూ ఎటైనా వెళ్లి దారి తప్పితే ఎవరో ఒకరు ఇంటికి చేరుస్తారని తనే రాసుకున్నాడట. వేషం మారినప్పుడల్లా ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకుంటున్నాడట. ఈ చీటీ మారిస్తే నీ కంటిన్యుటీకి ఇబ్బంది లేదుగా అని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడే, ఆ మెట్టు మీదే చెప్పేయాల్సింది. షాటు రెడీ అని ఎవరో పిలిచారు, బతికాననుకుని లేచిపోయాను.

రెండు రోజులకి కో-డైరెక్టరు కొత్త పేజీలు తెచ్చిచ్చాడు. సినిమాకి చివరి ఘట్టం, ఇల్లు అమ్మేశానని తండ్రి పిల్లలకి చెప్పే సీను. నాలుగు పేజీలు, హాలంతా తిరుగుతూ ఒక్కడే మాట్లాడాలి. దానికోసమే పెద్దాయన ఈ సినిమా ఒప్పుకున్నాడని అందరికీ తెలుసు. కొత్త పేజీల్లో ఆయనకి రెండు మాటలు మిగిలాయి. మిగతావన్నీ పెద్దకొడుకు వేషానికి ఇచ్చేశారు. ఆయనకి తెలుసా అని అడిగాను. రేపు చెబుతామన్నాడు.

"మాకూ కష్టంగానే ఉందక్కా. కానీ నీ షీటు చూశాక ఇంకేమంటాం? అది అబద్ధం చెప్పదుగా."

ఆ మధ్యాహ్నమే ఎడిటరమ్మ నుంచి కబురొచ్చింది. ఓసారి వచ్చి పొమ్మంది. నేను పనిలో చేరిన మొదటి సినిమా నుంచీ ఆవిడ నా షీట్లు చూసే సినిమాలు కోస్తోంది. ఎడిటింగ్ రూము చల్లగా ఉంది, ఫిలిం ముక్కలు మేకులకి వేలాడుతున్నాయి. ఆవిడ మిషను ఆపి, కళ్లజోడు నెత్తి మీదకి తోసుకుని, బల్ల మీద రెండు దొంతరలు పక్కపక్కన పెట్టింది. ఒకటి నా షీట్లు. రెండోది కెమెరా రిపోర్టుల కార్బన్ కాపీలు.

"చివరి సీను మార్చారని తెలిసి పెద్దాయన పాత షాట్లు తిరగేద్దామని ఫైలు తీశాను. ఎప్పుడూ చదవను వీటిని. ఇవాళెందుకో చదివాను" అంది.

మా ఆయన చేతిరాత. గీతల మీద నిలబడకుండా కిందికి జారిపోయింది. నేను డైలాగ్ అని రాసిన ప్రతి టేకుకి ఎదురుగా ఆయన ఒకే మాట రాశాడు. "ఫోకస్. తప్పు నాది." పేజీ తిప్పాను. "ఫోకస్. తప్పు నాది." ముప్పై ఒక్కచోట్లా అదే. ఒక్కచోట కూడా "నాది" అన్నమాట వదల్లేదు.

"ఎన్.జి.లు ప్రింటు వేయించి చూడొచ్చు. కానీ వేయించమంటే ఎందుకని అడుగుతారు" అంది ఎడిటరమ్మ. "నువ్వే చెప్పు. ఏది నమ్మమంటావు?"

"కెమెరా రిపోర్టు" అన్నాను.

ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. ఎర్ర పెన్సిలు తీసి నా షీట్ల మీద, అక్షరాలు కనబడేలాగే, పల్చగా ఒక్కో గీత గీసుకుంటూ పోయింది. టీ తెప్పించనా అని అడిగింది. వద్దన్నాను. డైరెక్టరుకి నేను చెప్పనా, నువ్వు చెబుతావా అంది. నేనే చెబుతానన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. మా ఆయన వసారాలో కూర్చుని, మెత్తటి గుడ్డతో టేపు తుడుచుకుంటున్నాడు. గుమ్మంలోనే నిలబడి మొదట్నుంచీ అంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, ఏడుస్తూనే చెప్పాను. ఆయన గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"నోటితో చెప్పడానికి మొహం చెల్లలేదు" అన్నాడు. "అందుకని రాశాను. ఇన్ని టేకులు పోతుంటే ఎవరో ఒకరు చదివి, పక్కకి పిలిచి, ఇక చాలు మాస్టారూ అంటారని చూశాను. రోజూ వాళ్ల మొహాలు చూసేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు. నామీద జాలిపడి ఊరుకుంటున్నారనుకున్నాను."

పెద్దాయన గురించి వినలేదా అని అడిగాను. విన్నాడట. నిజంగానే మరిచిపోతున్నాడేమో అనుకున్నాడట. రింగు మీద చెయ్యి వేశాక ఎవరేం మాట్లాడేదీ ఆయన చెవికెక్కదు, అది నాకూ తెలుసు.

"నా షీటు పక్కన ఉండబట్టే మీది ఎవరూ చదవలేదు" అన్నాను.

 ఆయన టేపుని వేళ్ల మధ్య తిప్పాడు.

"ఆ రోజు డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక కొలిచావు చూడు. పదకొండడుగులు లాగితే చప్పుడు ఎంతసేపుంటుందో నాకు తెలుసే. నువ్వు లాగింది అంతసేపు లేదు."

అంటే అప్పుడే తెలుసు. నా అబద్ధం తెలిసి నెల రోజులు నాతో ఏమీ అనకుండా, అవతల కాగితం మీద నిజం రాసుకుంటూ కూర్చున్నాడు. ఒక ఇంట్లో, ఒక మంచం మీద ఉంటూ ఎవరి కాగితం వాళ్లం రాసుకున్నాం. ఆయన మీద కోపమొచ్చింది, నామీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. రెండూ చూపించే ఓపిక లేక ఆయన పక్కనే కూలబడ్డాను.

లోపల్నుంచి అంతా విన్నట్టుంది అత్తయ్య. గోడ పట్టుకుంటూ వసారాలోకి వచ్చి, నీకూ మసకేనా నాన్నా అంది. ఒక కన్నేనమ్మా అన్నాడు. ఆవిడ, అయితే టీవీ దగ్గర నీక్కూడా కుర్చీ వేస్తానంది.

డైరెక్టరు కేకలు వేస్తాడనుకుని గుండె చిక్కబట్టుకుని వెళ్లాను. వేయలేదు. మొత్తం విని, సరే వెళ్లండి అన్నాడు. మర్నాటి నుంచి కో-డైరెక్టరు ఒక నోటుపుస్తకం పట్టుకుని నా వెనక కూర్చోవడం మొదలుపెట్టాడు. నేను రాసిన ప్రతి వరసా ఆయన కూడా విడిగా రాసుకునేవాడు. నా షీటుకి సాక్షి కావలసి వచ్చింది. కేకలు వేసినా బాగుండేది. మా ఆయన తనంతట తనే రింగు వదిలేసి, పదేళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న అసిస్టెంటుకి అప్పజెప్పాడు. కెమెరామన్ మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, లెన్సులు సర్దుకోవడానికి వెళ్లాడు.

పెద్దాయనకి చెప్పడమే అన్నిటికన్నా కష్టమైంది. అదే వసారాలో, అదే మెట్టు దగ్గర చెప్పాను. ఆయన వింటూ వింటూ మధ్యలో ఆపాడు.

"అయితే నేను మరిచిపోలేదన్నమాట."

లేదండీ, ఒక్క మాట కూడా అన్నాను. ఆయన కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. కళ్లు తెరిచాక మాత్రం నావైపు చూడలేదు. లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఆయన కనిపిస్తే ఆగి, కన్నెలా ఉంది మాస్టారూ అని అడిగేవాడు. నాతో మాటలు మానేశాడు. నాకు తగిన శాస్తే అనుకున్నాను గానీ, అనుకున్నంత మాత్రాన నొప్పి తగ్గలేదు.

చివరి సీను పాత పేజీలతోనే తీశారు, ఆఖరి రోజు పొద్దున. కొలతల పని మాత్రం మా ఆయన చేశాడు. లెన్సు నుంచి పెద్దాయన కంటిదాకా టేపు పట్టుకుని, అంకెలు గట్టిగా చదివి, వచ్చి నా పీట పక్కన నేల మీద కూర్చున్నాడు. ఎనభైమంది ఊపిరి బిగబట్టారు. ఫ్యాన్లు ఆపమని నేను చెప్పకముందే ఎవరో ఆపేశారు. పెద్దాయన హాలంతా తిరుగుతూ నాలుగు పేజీలూ చెప్పాడు. మధ్యలో ఆగినప్పుడు దూలం మీద లైట్‌మన్ ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఒకటే టేకు. ఓకే అని రాశాను. ఓకే అయితే కారణం రాసే గడిలో ఏమీ రాయనక్కర్లేదు. ఆ ఖాళీ గడిని చూస్తూ ఉండిపోయాను.

ప్యాకప్ అన్నాక పెద్దాయన నా పక్కనుంచి వెళుతూ ఆగాడు. చొక్కా జేబులోంచి ఆ చిరునామా చీటీ తీసి, నా ప్యాడ్ మీద పెట్టి, మేకప్ రూములోకి వెళ్లిపోయాడు. అది ఇంకా నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత మా ఆయన కెమెరాలు అద్దెకిచ్చే చోట పనిలో చేరాడు. మోటారు చప్పుడు విని కెమెరాకి ఏం జబ్బో చెప్పేస్తాడు, దానికి కన్ను అక్కర్లేదు. కానీ అది తర్వాతి మాట. నేను చెప్పాల్సింది షూటింగ్ ముగిసిన మర్నాడు పొద్దుటి సంగతి. ఆ ఎండాకాలంలో మొదటిసారి ఇద్దరం ఇంట్లో ఉన్నాం. ఒళ్లు హూనమై ఉంది, ఎవరికీ లేవాలని లేదు. టీ తెచ్చాను. ఆయన ఫ్లాస్కు నా చేతిలోంచి తీసుకుని, గ్లాసు అంచుని వేలితో తడిమి చూసుకుని, నెమ్మదిగా పోసుకున్నాడు. బయట పడలేదు. రెండు గుక్కలు తాగి, కుర్చీలో వెనక్కి వాలి వంటింటి గుమ్మం వైపు చూశాడు.

"పదకొండు" అన్నాడు.

నేను లేచి టేపు తీశాను. ఒక కొస ఆయన చేతికిచ్చి గుమ్మం దాకా లాగాను. ఆయన తల ఓ పక్కకి వంచి ఆ చప్పుడు వింటున్నాడు.

"తప్పు" అన్నాను. "తొమ్మిదిన్నర."

ఆయన టేపు కొస వదల్లేదు.

"రాసుకో" అన్నాడు.